మాకీ ఏడు పండగ లేదు

షికాగోలో డిసెంబరు వచ్చిందంటే నాలుగున్నర కాకుండానే సూర్యుడు వెళ్ళిపోతాడు. థాంక్స్‌గివింగ్ నించి జనవరి ఒకటి దాకా ఒకటే హడావిడి. ఆఫీసులో సీక్రెట్ శాంటా, పిల్లల టీచర్లకి గిఫ్ట్ కార్డులు, శనాదివారాలు ఎవరో ఒకరింట్లో పాట్‌లక్. నా వంతు ఎప్పుడూ పులిహోరే.

నాన్న ఆగస్టులో పోయారు. తెనాలి వెళ్ళి, పన్నెండో రోజు అవగానే సెలవు లేక తిరిగొచ్చేశాను.

ఈసారి రానంటే స్నేహితులు ఒప్పుకోలేదు. "నలుగుర్లోకి వస్తే కాస్త మర్చిపోతావు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. రెండో శనివారం పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని వాళ్ళింటి ముందు కార్లో 20 నిమిషాలు కూర్చుండిపోయాను. లోపల అంత్యాక్షరి వినబడుతోంది. దిగబుద్ధి కాలేదు. మా ఆయనే గిన్నె ఇచ్చొచ్చాడు.

డాక్టరమ్మ చలికాలపు దిగులు గురించి చెప్పింది. ఎండ తగ్గినప్పుడు వచ్చే ఈ దిగులుకి 1984లో నార్మన్ రోజెంతాల్ అనే ఆయన పేరు పెట్టాడట. పొద్దున్నే అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చోమంది. కూర్చున్నాను. కొంచెం నయమే, అబద్ధమెందుకు. కానీ నాన్న లేని లోటు వెలుతురుతో తీరేది కాదుగా.

క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు రాత్రి ఏడింటికి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరున్నర. ధనుర్మాసం కదా, వీధంతా ముగ్గులట.

"మనింటి ముందో?"

"మనకీ ఏడు పండగ లేదుగా. నీళ్ళు చల్లి వదిలేశా."

నాకు అమ్మ మీద ఈర్ష్య కలిగింది. ఆ ఒక్క మాటంటే చాలు, అక్కడ ఎవరూ బలవంతపెట్టరు. పిండివంటలు పక్కింటివాళ్ళే తెచ్చిపెడతారు. పెళ్ళయిన కూతురిని కాబట్టి నాకు మూడు రోజులే మైల. ఆ లెక్క ఎవరు రాశారో గానీ, కూతుళ్ళని అడిగి మాత్రం రాసుండరు.

అప్పటిదాకా రోజూ "బానే ఉన్నా" అంటే "నేనూ బానే ఉన్నా" అనుకునేవాళ్ళం. ఆ రోజు కారు సంగతి చెప్పేశాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"మూడు రోజులు వాళ్ళ లెక్కే అమ్మా. నువ్వూ ఈ ఏడు మానెయ్" అంది.

వాట్సాప్ గ్రూపులో ఆ మాటే రాశాను: మాకీ ఏడు పండగ లేదు. ఈసారి ఎవరూ రమ్మనలేదు. పిల్లల క్రిస్మస్ చెట్టు మాత్రం తియ్యలేదు, వాళ్ళ సరదా వాళ్ళది.

క్రిస్మస్ నాడు గుమ్మంలో ఎవరో డబ్బా పెట్టి వెళ్ళారు. పులిహోర. ఉప్పు తక్కువైంది. నిలబడే సగం తినేశాను.