ఉత్తరదిక్కునుండి ఉత్తరము

దుబాయి విమానాశ్రయము,
జూను మాసము, శనివారము, తెల్లవారుజాము

పూజ్యులగు అన్నయ్యగారికి నమస్కారములు.

రాత్రి పది గంటలకు శంషాబాదులో బయలుదేరి, నాలుగు గంటలు ప్రయాణించి ఇచ్చట దిగునప్పటికి గోడగడియారము పన్నెండున్నరయే చూపుచుండెను. 2,550 కిలోమీటర్లు పడమరకు వచ్చినందున గంటన్నర కాలము కలిసివచ్చినది. వదినగారు కట్టియిచ్చిన పులిహోర మాత్రము అప్పుడే ముగిసినది. ఉదయము ఎనిమిదిన్నరకు శానుఫ్రాన్సిస్కో విమానము. మీ బడిలోని గోడపటమే మనస్సులో నిలిచిపోవుటచే, అది ఐరోపా మీదుగా, అట్లాంటిక్కును దాటి పోవుననియే ఇన్నాళ్లు తలచితిని. కాదట!

శానుఫ్రాన్సిస్కో,
ఆదివారము

అన్నయ్యగారికి,

క్షేమముగా చేరితిని. విమానము లేచినది మొదలు ముందరి తెరమీది పటములో మా గీత పడమరకు గాక నిట్టనిలువుగా ఉత్తరమునకు సాగుచుండగా, మీరు నేర్పిన లెక్క కాగితముమీద వేసి చూచితిని. దుబాయి రేఖాంశము తూర్పున 55, ఈ ఊరిది పడమట 122. కలిపిన 177, అనగా భూగోళమున కించుమించు అటువైపు. ఇక దారి ధ్రువముపైనుండియే కదా! అక్షాంశము 25నుండి ధ్రువమునకు 65 భాగలు, అచ్చటినుండి 38వ అక్షాంశమునకు 52. మొత్తము 117, భాగకు 111 చొప్పున దాదాపు 13,000 కిలోమీటర్లు. గంటకు తొమ్మిదివందల వేగమున పదునాలుగున్నర గంటలు చాలవలెను గాని, ఎక్కుట, దిగుట, ఎదురుగాలి, ధ్రువమునకు కొంత ప్రక్కగా త్రోవ మళ్లుట, ఇవన్నియు కలిసి పదునారు గంటలైనది. 1948లో మలబారు ప్రిన్సెసు అను విమానము బొంబాయినుండి లండనుకు పోవుటకు కైరోలోను జెనీవాలోను ఆగవలసివచ్చినది. మేము అంతకు రమారమి రెట్టింపు దూరము ఎక్కడను దిగకయే వచ్చితిమి.

కిటికీ తెరను రెండు వ్రేళ్ల మేర ఎత్తితినో లేదో, కండ్లు మిరుమిట్లు గొల్పు ఎండ ఒడిలో పడినది. క్రింద పగుళ్లువారిన మంచు, పెంకు చిట్లిన కోడిగ్రుడ్డువలె. నా ప్రక్కన గుంటూరునుండి కుమార్తె పురిటికై పోవుచున్న వృద్ధురాలొకరు శనివారము రాత్రి ఫలహారముతో సరిపెట్టుకొందురట, రెండవమారు పళ్లెము వచ్చినప్పుడు, “బాబూ, ఇది పగటి భోజనమా, రాత్రిదా?” అని అడిగిరి. పదునారు గంటలలో సూర్యుడొక్కమారును అస్తమింపలేదు, ఏమని చెప్పుదును? నా చేతిగడియారము ఇంటికాలమునే చూపుచుండెను గనుక, “మన యింట రాత్రి ఎనిమిదిన్నర యైనదమ్మా” అంటిని. ఆమె అరటిపండు మాత్రము తీసికొని, పళ్లెము నావైపు జరిపిరి. శాస్త్రమెట్లున్నను ఆ తీర్పు నాకు నచ్చినది.

దిగునప్పటి కిచ్చట అదే శనివారము మధ్యాహ్నము ఒకటిన్నర, మీకు ఆదివారము వేకువ రెండు. అటకమీది గ్లోబు దింపించి, వదినగారు మల్లెలు కట్టు దారమునొక కొన హైదరాబాదుమీద, ఒక కొన ఈ ఊరిమీద ఉంచి బిగువుగా లాగి చూడుడు. దుబాయి పోక నేరుగా వచ్చిన సుమారు 13,500 కిలోమీటర్లే యని నా లెక్క. అది ఏయే దేశములమీదుగా పోవుచున్నదో మరల జాబులో తప్పక వ్రాయవలెను.

మీ తమ్ముడు