జీలుగు నీడన

పట్నంలో జిన్ను రుచి తెలిసినవారు నిమ్మచెక్క పిండాలా, సోడా కలపాలా అని తర్జనభర్జన పడుతుంటారు. భద్రాచలం మన్యంలో కోయవారికీ ఇటువంటి పట్టింపులే ఉన్నవి. కాకపోతే అవి జీలుగుకల్లును గురించి.

జీలుగు తాటిజాతిదే గాని, ఆకు చేపతోకలా ఉంటుంది. పూగెల కొన కోసి కుండ కడతారు. పైనుంచి కిందికి గెల తరువాత గెల వేసి, ఆఖరిదానితో చెట్టు ఎండిపోతుంది. ఒక్క బతుకు, ఒక్క కాపు!

తాగే వేళ తెల్లవారుజామే. అప్పుడే దించినది తియ్యగా, చల్లగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపు, ఆపైన నిషా. నిషాయే కావాలంటే ఇప్పసారా ఉండనే ఉంది. నా ఓటు పొద్దుటి కల్లుకే. అదీ ఆకుదొప్పలో. గాజుగ్లాసులో పోస్తే సగం సొగసు పోయినట్టే.

ఈ దొప్పెడు కల్లుకోసం తిరుగుబాటే జరిగింది. ఇంటివాడకానికైనా గీయరాదని ఆబ్కారీ చట్టం తెచ్చి, తెల్లదొరలు కల్లును మైదానపు గుత్తేదార్లకు కట్టబెట్టారు. పైగా మన్సబుదారు చిగురుపన్ను! 1879లో గోదావరి మన్యంలోని రంప భగ్గుమన్నది. మంట భద్రాచలం తాలూకా రేకపల్లిదాకా పాకింది. అణచడానికి పోలీసులు చాలక ఆరు పదాతి రెజిమెంట్లు దిగవలసి వచ్చింది.

2014 నుంచి రేకపల్లి ఆంధ్రప్రదేశ్‌లోది, భద్రాచలం పట్టణం తెలంగాణలోది. జీలుగు రెండువైపులా ఉంది. రామదర్శనం ముందునాడే ముగించుకొని కోడికూతకు బయలుదేరండి. ఎండ చుర్రుమన్నాక మాత్రం అడగకండి.