నాగార్జునకొండ దీవిలో నొకదినము

మొన్నటి సెలవులలో మేము నల్లగొండనుండి అద్దెకారులో హాలియా మీఁదుగా సాగరమునకుఁ బోయితిమి. కారు రేవుకడనే నిలిచెను. ఆపైన లాంచియే గతి. నాగార్జునకొండ యిప్పుడొక దీవి. 1954 మొదలు 1960 వఱకు లోయలోఁ ద్రవ్వి వెలికిఁ దీసినవానిలోఁ గొన్నిటిని, సాగరజలములు ముంచకపూర్వమే కొండపైకిఁ జేర్చిరి.

ఎండకు మా పెరుగన్నము గిన్నెలోనే పులిసినది, అది యట్లుండనిండు. మావా రేటేట బడిలో నిక్ష్వాకుల పాఠము చెప్పుదురు. శాంతమూలుఁడు, వీరపురుషదత్తుఁడు మాకును గంఠస్థులే. కాని క్రీ.శ. మూఁడవ శతాబ్దిలో మహాచైత్యమునకు శిలాస్తంభము లెత్తించినది శాంతమూలుని తోఁబుట్టువు చాంతిసిరి యని మే మెఱుఁగము. బోధిసిరి యను నుపాసిక తాను గట్టించిన చైత్యగృహపు శాసనమునఁ దనవారి నందఱిని బేరుపేరునఁ దలఁచికొన్నదఁట! ఇంట నాయనగారికడ భారతము, రఘువంశము చదివిన మేము ఆ బ్రాహ్మీలిపి యెదుట నిరక్షరులమైతిమి.

“నాన్నగారూ, ఈ లిపి యే కాలేజీలో నేర్పుదురు?” అని యింటరు ముగించిన మా యమ్మాయి యడిగెను. ఇంట సంబంధముల మాట నడచుచున్నది. మావారు బదులు పలుకలేదు. మే మామె చేయి పట్టుకొని నిలిచితిమి.

తిరుగు లాంచిలో, కొండ కనుమఱుఁగైన పిదప, “హైదరాబాదులో విచారింతములే” యనిరి.