వెలుగు ముగ్గు వేయండి – కళ్ళు జాగ్రత్త!

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టడం మా ఇంట్లో మా అమ్మగారి కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ. కిందటేడు మా మనవడు కొలువుకు ఒక కొత్త అలంకారం తలపెట్టాడు. ఖాళీ పాలపొడి డబ్బాకు అడుగూ, మూతా తీసేసి, ఒక వైపు బెలూను రబ్బరు బిగించి, దాని నడుమ గోరంత అద్దం ముక్క అతికించాడు. రెండో వైపు చిన్న స్పీకరు పెట్టాడు. పాట వస్తుంటే రబ్బరు అదురుతుంది, అద్దం ఊగుతుంది. ఆ అద్దం మీద లేజరు పాయింటరు వేస్తే, వెలుగు చుక్క గోడ మీద పాటకు తగ్గట్టు ముగ్గులు గీస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో లిస్సజూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు శృతిదండాలకు అద్దాలు అతికించి ఇటువంటి ముగ్గులే చూపించాడు. అప్పటికి లేజరు లేదు. అది పుట్టింది 1960లో.

"తాతయ్యా! నీ పచ్చ పాయింటరు ఇస్తావా?" అని అడిగాడు మనవడు.

నేను కంటి డాక్టర్ని. విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు తెర మీద బొమ్మలు చూపడానికి ఆరేళ్ళుగా ఆ పాయింటరు వాడుతున్నాను. '5 మిల్లీవాట్ల లోపు' అని దాని మీద చీటీ కూడా అంటించి ఉంది. తీసి ఇవ్వబోయాను. చేయి ఆగిపోయింది. చాలాకాలం క్రితం నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. తిరునాళ్ళలో కొన్న పాయింటరు వెలుగును ఎవరు ఎక్కువసేపు చూడగలరో అని స్నేహితులతో పందెం వేశాడు. పందెం గెలిచాడు. కన్ను ఎర్రబడలేదు, నొప్పి లేదు, నీరు కారలేదు. మర్నాడు పుస్తకం తెరిస్తే, చదవబోయిన అక్షరం మీదే నల్లచుక్క! నెలలు గడిచాక కొంత నయమైంది గానీ ఆ చుక్క పూర్తిగా పోలేదు.

మర్నాడు పాయింటరు పట్టుకుని మా ఊరి కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు గారి దగ్గరకు వెళ్ళాను. కాంతిని కొలిచే మీటరు ముందు పెట్టి మీట నొక్కారు. 31 మిల్లీవాట్లు! మధ్యలో పచ్చ కాంతిని ఆపే గాజుపలక అడ్డుపెట్టారు. కంటికి ఏమీ కనబడడం లేదు, అయినా మీటరులో అంకె సున్నాకు రాలేదు. ఆరేళ్ళుగా నేను పిల్లల ముందు తిప్పుతున్నది ఇదన్నమాట!

కంటికి కనబడనిది ఏమిటి అంటారా? చాలా పచ్చ పాయింటర్లలో పచ్చ కాంతి నేరుగా పుట్టదు. ముందు కంటికి కనబడని పరారుణ కిరణాలు పుట్టి, వాటిని లోపలి స్ఫటికాలు పచ్చగా మారుస్తాయి. మారకుండా మిగిలిన పరారుణాన్ని ఆపడానికి ఒక ఫిల్టరు ఉండాలి. చవకరకాలలో కొన్నిటికి అది ఉండదు. ఇది నా ఒక్కడి దురదృష్టమూ కాదు. అమెరికాలో ప్రభుత్వ కొలతల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. వారు 122 పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. పచ్చవాటిలో సుమారు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం ఆ దేశపు భద్రతా నియమాలకు లోబడి లేవు.

'ఇంత చిన్న వెలుగు ఏం చేస్తుంది? ఇంట్లో బల్బు ఇంతకంటే పెద్దది కదా!' అని చాలామంది అనుకుంటారు. బల్బు వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. లేజరు వెలుగు చెదరకుండా సన్నని పుంజంగా వస్తుంది. భూతద్దం ఎండను ఒక చోటికి చేర్చి కాగితాన్ని కాల్చినట్టే, కంట్లోని కటకం ఆ పుంజాన్ని రెటీనా మీద సూదిమొనకన్నా చిన్న చుక్కగా కూడగడుతుంది. అక్కడ కాంతి తీవ్రత సుమారు లక్ష రెట్లు పెరుగుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కనుక కాలినా కన్ను మనకు చెప్పదు. పైగా అలంకారం కోసం గదిలో దీపాలు తగ్గిస్తాం. చీకట్లో కంటిపాప విప్పారి ఇంకా ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది.

ఇంకో పొరపాటు, వెలుగు మందంగా ఉంటే భయం లేదనుకోవడం. మన కన్ను పచ్చ రంగును బాగా పట్టుకుంటుంది, ఊదా రంగును సరిగా పట్టుకోలేదు. అందువల్ల 405 నానోమీటర్ల ఊదా పాయింటరు ఎంత బలమైనదైనా మసకగానే కనిపిస్తుంది. కంటికి కనిపించే కాంతిని బట్టి అపాయాన్ని అంచనా వేయరాదు.

మరి ఏది కొనాలి? 'క్లాస్ 2' అని, '1 మిల్లీవాటు లోపు' అని ముద్రించిన ఎర్ర పాయింటరు కొనండి. ఈ తరగతి లేజరు పొరపాటున కంట్లో పడితే పావు సెకనులో రెప్ప పడుతుంది, లేదా తల పక్కకు తిరుగుతుంది. ఆ రక్షణ చాలు. పందెం వేసుకుని కళ్ళు విప్పార్చి చూసేవాడికి మాత్రం ఏ తరగతీ రక్షణ కాదు. ఎరుపులో 650కి బదులు 635 నానోమీటర్లది దొరికితే మరీ మంచిది. అంతే బలంతో కంటికి ఎక్కువ కాంతిగా కనబడుతుంది. 'క్లాస్ 3బి', 'క్లాస్ 4' అని ఉన్నవి ఇంట్లోకి రానివ్వకండి. అగ్గిపుల్ల అంటిస్తుందనీ, బెలూను పేలుస్తుందనీ గొప్పలు చెప్పి అమ్మేదాన్ని ముట్టనే వద్దు. పేరూ, తరగతీ లేని చవక సరుకు చీటీని నమ్మకండి. నమ్మదగినది దొరక్కపోతే లేజరు మానేసి రంగుల ఎల్.ఇ.డి. దీపాలు పెట్టుకోండి, కొలువుకు లోటేమీ రాదు.

అమర్చడంలోనూ మెలకువ కావాలి. పాయింటరును చేత్తో పట్టుకోకుండా బల్లకు బిగించండి. డబ్బా, అద్దం, పాయింటరు అన్నిటినీ ఒక అట్టపెట్టెలో ఉంచి, వెలుగు బయటికి రావడానికి పైవైపు చిన్న సందు మాత్రం వదలండి. వెలుగు దారి నిలబడ్డ పెద్దవారి తలలకంటే పైన ఉండాలి. పాట ఆగితే ముగ్గు ఆగి, వెలుగంతా ఒకే చుక్కగా నిలుస్తుందని గుర్తుంచుకోండి. ఇత్తడి కలశం, స్టీలు పళ్ళెం, అద్దాల పని చేసిన బట్ట ఆ దారిలో ఉండరాదు. నక్షత్రాలు చూపే మూత తగిలించినా మధ్య చుక్కలో చాలా బలం మిగులుతుంది, అది క్షేమమని భ్రమపడకండి.

పొరపాటున వెలుగు సూటిగా కంట్లో పడితే నలపవద్దు. కాసేపాగి ఒక్కొక్క కన్నే మూసి, గోడ మీది క్యాలెండరు గళ్ళను చూడండి. గీతలు వంకరగా కనబడినా, మధ్యలో మచ్చ కనబడినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. పాయింటరును కూడా వెంట తీసుకెళ్ళండి. కాలిన రెటీనాను మునుపటిలా చేసే మందు ఇదీ అని చెప్పడానికి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు కదా!

మా మనవడికి ఎర్ర పాయింటరే కొనిచ్చాను. "పచ్చది అయితే గోడంతా వెలిగిపోయేది" అని సణిగాడు. పేరంటం రోజు సాయంత్రం పాట పెట్టగానే తెల్లగోడ మీద ఎర్రని ముగ్గు విచ్చుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్కింటి నాలుగేళ్ళ పాప మాత్రం గోడను వదిలి, 'వెలుగు ఎక్కడినుంచి వస్తోంది?' అని వెతుక్కుంటూ బల్ల దగ్గరకు వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి తొంగిచూసింది. దానికి అట్టపెట్టె తప్ప ఏమీ కనబడలేదు. మనవడు నా వంక చూశాడు. ఆ తర్వాత సణగలేదు.

పచ్చ పాయింటరు బ్యాటరీలు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు వెదురు పుల్లతో చూపిస్తున్నాను.