ఖూన్, పానీ, గవాహీ

అబ్బాకి బైపాస్ అయ్యి మూడో రోజు. హిమోగ్లోబిన్ 8.2. ఖూన్ ఎక్కించలేదు. మా ఖాన్‌దాన్‌లో అదొక పెద్ద పంచాయితీ అయ్యింది.

"మొహల్లా పిల్లలు నలుగురు పోయి ఖూన్ ఇచ్చొచ్చిన్రు కదా, ఒక్కటి గూడ ఎక్కియ్యకపోవుడేంది? ఏం మత్లబ్?" అని ఖాలా ఫోన్‌లో నిలదీసింది. అమ్మీది ఇంకో బాధ. ఐసీయూలో అబ్బా "ఒక్క ఘూంట్ పానీ పొయ్యి బేటా" అని బతిమాలుతుంటే సిస్టర్ చెంచాతో పెదాలు తడిపి, ఆ చెంచాడు కూడా కాగితం మీద రాసుకుంటోంది. "ఖూనూ లేదు, పానీ లేదు. ఇదేం ఇలాజ్ రా?" అంది అమ్మీ.

డాక్టరుని అడిగితే మెట్ల మీదే నిలబడి రెండు నిమిషాల్లో చెప్పాడు. ఆయన చెప్పింది, నేను తర్వాత చదువుకున్నదీ కలిపి మీకు చెప్తాను. మీ ఇళ్లలో కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ సవాల్ వస్తుంది.

దిల్ ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు దాని పని హార్ట్-లంగ్ మిషన్ చేస్తుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ ఈ మిషన్ సాయంతో మొదటిసారి కామ్‌యాబ్‌గా దిల్ ఆపరేషన్ చేశాడు. మిషన్ గొట్టాల్లో గాలి ఉండకూడదు కాబట్టి ముందే లీటరు, లీటరున్నర దాకా సెలైన్ లాంటి ద్రావణం నింపుతారు. మిషన్ తిరగగానే అదంతా మనిషి నెత్తుట్లో కలుస్తుంది. అనుకోకుండా మెహమాన్లు దిగితే సాలన్‌లో చెంబుడు నీళ్లు పోస్తాం చూడండి, అట్లా. ముక్కలు అన్నే ఉంటాయి, గిన్నె మాత్రం పల్చబడుతుంది. అంటే అబ్బా హిమోగ్లోబిన్ పడిపోవడానికి నెత్తురు పోవడం ఒక్కటే కారణం కాదు, పానీ చేరడం కూడా. ఆ పానీ కిడ్నీల గుండా బయటికి పోవాలి. అందుకే మూత్రం కొలుస్తారు, అందుకే చెంచాడు నీళ్లకి కూడా హిసాబ్. ఎక్కువైతే ఫేఫ్డాల్లో చేరి ఊపిరి ఆడదు.

ఖూన్ ఎక్కించడం మాత్రం దానంతటది మంచిదే కదా? దశాబ్దాల పాటు డాక్టర్లూ అట్లనే అనుకున్నారు. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గితే ఎక్కించడం ఒక రివాజు. రివాజ్ వేరు, తహ్‌ఖీక్ వేరు. 2010లో బ్రెజిల్‌లోని సావో పాలోలో లుద్మిలా హజ్జర్ బృందం 502 మంది మీద పరీక్షించింది. తక్కువ ఎక్కించినవాళ్లకి అదనంగా నష్టమేమీ కనపడలేదు. 2015లో బ్రిటన్‌లో సుమారు 2,000 మంది మీద ఇంకోటి. అందులో ఒక గుచ్చుకునే అంకె ఉంది: అసలు కొలవదలచుకున్న విషయంలో రెండు గ్రూపులకీ పెద్ద తేడా లేదుగానీ, మూడు నెలల్లోపు మౌత్‌లు తక్కువ ఎక్కించినవాళ్లలో 4.2 శాతం, ఎక్కువ ఎక్కించినవాళ్లలో 2.6 శాతం. ఆస్పత్రి కారిడార్లో రాత్రి రెండింటికి ఆ అంకె చదివి, నేను మళ్లీ నిద్రపోలేదు.

2017లో టొరంటోకి చెందిన డేవిడ్ మేజర్ నాయకత్వంలో ట్రిక్స్-3 వచ్చింది. 19 దేశాలు, 5,000 మందికి పైగా రోగులు. ఒక గ్రూపుకి 7.5 కంటే తగ్గితేనే ఖూన్, ఇంకో గ్రూపుకి ఐసీయూలో 9.5 కంటే తగ్గితే. మౌత్, హార్ట్ ఎటాక్, పక్షవాతం, డయాలిసిస్ అన్నీ కలిపి చూస్తే మొదటి గ్రూపులో 11.4 శాతం, రెండో గ్రూపులో 12.5. ఖూన్ ఎక్కించాల్సి వచ్చింది మాత్రం 52 శాతానికి, 73 శాతానికి. డాక్టర్ చెప్పిన "ఏడున్నర దాకా ఆగుదాం" అనే మాట ఇక్కడిదే. తెల్లారి ఖాలాకి ఇదంతా చెప్పాను. "అంకెలు నాకెందుకు బేటా, మీ అబ్బా లేచి కూసున్నడా లేదా?" అంది. అప్పటికి కూచున్నాడు.

నన్ను ఇంకా వెంటాడుతున్న ఖిస్సా పానీది. ఇదే మిషన్‌లో ఏ ద్రావణం నింపాలన్న విషయం మీద జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో యోఆఖిమ్ బోల్ట్ అనే మత్తు డాక్టరు 2009లో ఒక పేపర్ వేశాడు. అల్బుమిన్ కంటే స్టార్చ్ ద్రావణం మేలన్నాడు. స్టార్చ్ అంటే మక్కల నుంచో ఆలుగడ్డల నుంచో తీసే గంజి లాంటిదే. చదివిన డాక్టర్లు కొందరు ఎడిటరుకి రాశారు: ఈ అంకెలు మరీ సాఫ్‌గా ఉన్నాయి, మనుషుల శరీరాలు ఇట్లా ఉండవు అని. నేను రిపోర్టరుగా పంట నష్టం లెక్కలు చూశాను. ముప్పై ఊళ్లకి ముప్పై ఒకే తీరుగా వస్తే, ఎవరూ పొలానికి పోలేదని అర్థం. అక్కడా అంతే అయ్యింది. ఎథిక్స్ కమిటీ ఇజాజత్ లేదు, రోగుల రజామందీ లేదు, ఆ పరీక్ష జరిగిన ఆనవాళ్లే లేవు. 2010లో ఆ పేపర్ వాపస్ తీశారు. మరుసటి ఏడాది ఆయనవి దాదాపు 90 పేపర్లు పోయాయి. తర్వాత ఆ లెక్క 150 కూడా దాటింది.

ఇది కాగితాల గొడవ కాదు. 2013లో కెనడా పరిశోధకులు, ఐసీయూ రోగులకి స్టార్చ్ ఎక్కించిన పాత పరీక్షలన్నీ మళ్లీ కలిపి చూశారు. బోల్ట్‌వి ఏడు పక్కన పెట్టగానే, స్టార్చ్ ఇచ్చినవాళ్లలో మౌత్‌లూ, కిడ్నీ దెబ్బతినడాలూ ఎక్కువని తేలింది. ఒక ఝూటీ గవాహీ తీసేస్తే ఫైసలా తిరగబడింది. ఆ ఏడాదే అమెరికా ఆ ద్రావణాల డబ్బాల మీద గట్టి హెచ్చరిక వేయించింది. అంతదాకా ఎంతమంది అబ్బాల నరాల్లోకి ఆ గంజి పోయిందో!

ఉర్దూ మీడియంలో మా ఉస్తాద్ ఒకాయన, జవాబు రైటయినా హిసాబ్ పక్కన చూపించకపోతే సున్నా వేసేవాడు. మాకప్పుడు కోపం వచ్చేది.

ఇంకో మాట. ట్రిక్స్-3లో 75 దాటినవాళ్లకి తక్కువ ఖూనే మేలన్నట్టు కనిపించింది. చిన్న వయసు వాళ్ల సంగతి అంత సాఫ్‌గా తేలలేదు. అందుకే ట్రిక్స్-4 మొదలుపెట్టారు, 65, అంతకంటే తక్కువ వయసువాళ్ల కోసం. మా అబ్బాకి 77. నాకు 46, షుగర్ నిరుడే మొదలయ్యింది.