పాలగాజులో నిప్పురంగు

పారిస్, సాయంత్రం

అత్తయ్యా,

సాంతువాన్ పాతసామాన్ల సంతలో ఒక కొట్టాయన అరచేతిలో ఇమిడే తెల్లటి నగల పెట్టెను గుమ్మం దాకా తెచ్చి ఎండకు ఎదురుగా పట్టాడు. బల్లమీద ఉన్నంతసేపూ నీలి ఛాయతో నీళ్లపాలలా ఉన్న గాజు, వెనకనుంచి వెలుగు తగలగానే అంచుల్లో నారింజ రంగుకు తిరిగింది. ఓపలైన్ అంటే ఇదే.

కిటుకు గాజు లోపలే ఉంది. కరిగిన గాజులో ఎముకల బూడిద కలిపితే, అందులోని కాల్షియం ఫాస్ఫేట్ చల్లారేటప్పుడు కంటికి ఆనని రేణువులుగా విడిపోతుంది. అవి నీలికాంతిని పక్కలకు చెదరగొట్టి ఎరుపును దాటనిస్తాయి. పగటి ఆకాశానికి నీలం, పొద్దుగూకే వేళకు ఎరుపు వచ్చేదీ దాదాపు ఇలాగే. బూడిద ఎక్కువైతే గాజు పింగాణీలా మొద్దుబారుతుంది. 1820ల నాటి సామాన్లలో ఆ పాళ్లు కుదిరిన తీరే వాటి అందం.

ఈ గాజు రంగుల పేర్లూ ముచ్చటైనవే. ఒకటి సబ్బు బుడగ. ఇంకొకటి పావురం గొంతు, గులాబీలో ఊదా కలిసినట్టుండే రంగు. మన చీరల నెమలికంఠం గుర్తుకు రాక మానదు!

పెట్టె అంచులకు, కాళ్లకు, తాళానికి పూతబంగారపు కంచు బిగించారు. ఆ రోజుల్లో బంగారాన్ని పాదరసంలో కలిపి కంచుకు పూసి కాల్చేవారు. పాదరసం ఆవిరైపోగా బంగారం మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం దెబ్బతినేది. ఆ మెరుపును చూస్తూ వాళ్లను మరిచిపోవడం న్యాయం కాదు.

బాకరా, రెండు రోజుల తర్వాత

అత్తయ్యా,

ఆ గాజు జాడ పట్టుకుని బాకరా వచ్చాను. లోరైన్ ప్రాంతంలో మర్త్ నది ఒడ్డున చిన్న ఊరు ఇది. ఇక్కడి గాజు కార్ఖానా 1764లో పదిహేనో లూయీ అనుమతితో మొదలైంది. పోటీదారు సెయింట్ లూయీ కార్ఖానాదీ ఈ ప్రాంతమే. ఒకప్పుడు మేరీ ఆంత్వానెత్ రాణి అండతో నడిచిన లె క్రూజో క్రిస్టల్ కార్ఖానాను ఈ రెండూ కలిసి 1832లో కొని మూసేశాయి. చక్కటి ఓపలైన్ చేసిన చేతులు అక్కడా ఉండేవి. వ్యాపారం వాటిని లెక్కచేయలేదు.

1840ల్లో జాన్ ఫ్రాన్స్వా రాబెర్ బాకరా తెల్ల కూజాల మీద పూలగుత్తులు చిత్రించాడు. గులాబీ రేకు మడత, ఆకు ఈనె కూడా విడిగా తెలుస్తాయి. కానీ పూలు నిండేకొద్దీ గాజు వెనక్కి తగ్గి, రంగుకు తెల్లగోడ అయిపోతుంది. మూడో నెపోలియన్ కాలానికి ఓపలైన్ దీపాలకు, అత్తరు సీసాలకు, పూలకూజాలకు విరివిగా పాకింది. అందులో మంచివి చాలానే ఉన్నాయి. అయినా అంతకు ముందరి తరం బోసి గాజుకే మనసు మొగ్గుతుంది. గిన్నె పైన సన్నటి కంచు పట్టీ ఒక్కటే, మిగతాదంతా వెలుగు.