వోల్ఫ్స్‌బర్గు చిన్న కారు

జర్మనీ దేశమందలి వోల్ఫ్స్‌బర్గు నగరమున కాలువకు ఉత్తరపు గట్టున ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారమును, దాని నాలుగు పొగగొట్టములును కానవచ్చును. దక్షిణపు గట్టున ఊరున్నది. 1976వ సంవత్సరమున నిచ్చటినుండియే గోల్ఫ్ జీటీఐ యను చిన్న కారు బయలువెడలెను. దాని బలము 110 అశ్వశక్తి; బరువు సుమారు 810 కిలోలు.

సోదరీమణులారా! అందలి ఆసనముల గళ్ళవస్త్రమును, గోల్ఫు బంతివంటి గేరు పిడిని కల్పించినది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అను స్త్రీ. పింగాణిపై చిత్రములు వ్రాయు విద్య నేర్చిన యామె 1964లో ఆ సంస్థయందు చేరెను. యంత్రపు బండికి ఇంటి సొంపు నిచ్చిన దామె చేయి.

దీనికి దీటు 1984లో వచ్చిన ఫ్రాన్సు దేశపు ప్యూజో 205 జీటీఐ. మలుపులందు నడుపువారికి గలుగు నుల్లాసమున దీనిదే పైచేయి యని పలువురందురు. కాని మలుపు నడుమ యాక్సిలరేటరుపైనుండి కాలు చటుక్కున తీసినచో వెనుకభాగము ప్రక్కకు జాఱును. గోల్ఫు నడక నిలుకడ గలది.

రెంటికిని వెనుకతలుపు పైకి లేచును. వెనుక ఆసనము మడిచినచో సామానునకు చోటు పెరుగును. అయితే 205 జీటీఐకి ప్రక్కతలుపులు రెండే. ముందు ఆసనము వంచినగాని వెనుకకు పోరాదు. చంటిబిడ్డకును, మోకాళ్ళనొప్పుల అత్తగారికిని ఇది యెంత కష్టము! తొలి గోల్ఫునకును ఈ లోపము గలదు గాని, తరువాతి తరమున నాలుగు ప్రక్కతలుపుల జీటీఐయు వచ్చెను.

నడుపువారి యానందమును వెనుక కూర్చున్నవారి సుఖముతో కలిపి తూచు ఇల్లాలు గోల్ఫునే కోరును.